కాజాల గదిలో ఈ ఏటి పుస్తకం

కాజాలక్క దారాన్ని మైనం ముక్క మీద రెండుసార్లు లాగి, వేళ్ళ మధ్య నలిపి, సూదికి ఎక్కించి, చివర ముడి వేసింది. ఒళ్ళో లేతనీలం చొక్కా ఉంది. దాని ఎడమ పట్టీ మీద మాస్టరు సుద్దతో గీసిన చిన్న గీతలు పైనుంచి కిందికి వరసగా ఉన్నాయి. మొదటి గీత దగ్గర బట్టను మడిచి, కత్తెర మొనతో సన్నగా గాటు పెట్టి, మడత విప్పింది. గాటు అంచు వెంట సూది దించి, దారాన్ని సూదిమొనకు చుట్టి, లాగింది. మళ్ళీ దించి, చుట్టి, లాగింది. లాగినప్పుడల్లా ఆమె చిటికెనవేలు కాస్త పైకి లేచేది. చూపుడువేలి చివర చర్మం పసుపుపచ్చగా గట్టిపడిపోయి చాలా కాలమైంది. అక్కడ సూది గుచ్చుకున్నా ఆమెకు తెలియదు.

ఎదురుగా చాప మీద పంతులమ్మ కళ్ళజోడు తుడుచుకుంటోంది.

"కానీయ్ వదినా. ఎంతసేపు తుడుస్తావ్ ఆ అద్దాలు? అరిగిపోతాయ్."

"అరిగేవి అద్దాలు కావు, నా కళ్ళు. నిన్న ఎక్కడ ఆపాం?"

"డాక్టరు మేడ మీదికి వెళ్ళొచ్చాడు. మెట్ల మీద బురద ఉంది. వాన పడలేదు కదా, బురద ఎక్కడిదని వంటమనిషి అడిగింది. అక్కడ."

"అబ్బో, ఏం గుర్తమ్మా! మొన్న ఆ లావుపాటాయన పాంటు పొడుగు మాత్రం గుర్తుండలేదు."

"ఆయన పాంటులో బురదేం లేదుగా, గుర్తుండటానికి," అంది కాజాలక్క.

పంతులమ్మ నవ్వి, పుస్తకం దారం విప్పింది. అద్దెకు తెచ్చే పుస్తకాలన్నీ అంతే. అట్ట ఊడిపోయి, మూలలు మడతపడి, చేతుల చెమటకు నల్లబడి ఉంటాయి.

అది కుట్టు దుకాణం వెనక గది. ముందు గదిలో మాస్టరు కత్తిరిస్తాడు, మిషను తొక్కుతాడు. మిషను చెయ్యలేని పని తలుపు సందులోంచి, బుట్టలో, ఈ గదికి వస్తుంది. కాజాలు, బొత్తాలు, పాంటు అంచులు, కోటు లోపలి గుడ్డ. ఒక కిటికీ, ఒక పంకా, ఒక బీరువా, గోడ వారన పరిచిన రెండు చాపలు. ఇద్దరూ ఆ చాపల మీదే నడివయసు దాటారు, ముసలితనంలోకి వచ్చారు. చుట్టరికం ఏమీ లేదు. పనిలో చేరిన కొత్తలో ఒకరినొకరు ఏమని పిలవాలో తెలియక వదినా అనుకున్నారు, ఆ పిలుపు అలా నిలబడిపోయింది.

పంతులమ్మ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. తను కూడా బడికి వెళ్ళింది తక్కువే. సరుకులు కట్టిచ్చే పొట్లాల కాగితాలు విప్పి, గోడకు అతికించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. పొట్లం మీది కథకు మొదలుండదు, చివరుండదు. బియ్యం అయిపోతే ఇంకో కథ మధ్యలోంచి మొదలయ్యేది. అందుకే మొదలూ చివరా ఉన్న పుస్తకం మొదటిసారి చేతిలో పడ్డప్పుడు ఆమె దాన్ని ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు చదివిందట.

కాజాలక్కకు చదువు రాదు. నేర్పుతానని పంతులమ్మ ఎన్నోసార్లు అంది. "నేనూ నేర్చుకుంటే కుట్టేదెవరు?" అనేది కాజాలక్క. ఆ గదిలో ఏర్పాటు అది. పంతులమ్మ చదివినంతసేపూ ఆమె వాటా అంచులు కూడా కాజాలక్కే కుడుతుంది. సాయంత్రానికి బుట్ట ఖాళీ అయితే చాలు, ఎవరు ఏది కుట్టారో మాస్టరు అడగడు. చదివేవి హత్యల కథలే. వేరే కథలు తెచ్చి చూశారు. ప్రేమ కథలకు నిద్ర వచ్చింది. కష్టాల కథలు వద్దంది కాజాలక్క, అవి వినడానికి పుస్తకమెందుకని.

పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళకూడదు. బీరువా మీదే ఉండాలి. చదవబోయే పేజీలు ముందే తిప్పి చూడకూడదు. ఈ కట్టుబాటు పంతులమ్మదే, తన మీద తనకు నమ్మకం లేక పెట్టుకున్నది.

ఇంకో ఆచారం ఉంది. ఏడాది చివరి పనిరోజున, ఆ ఏడు విన్నవాటిలో ఏది గొప్పదో తేల్చాలి. బాగుంది, బాగోలేదు అనే మాటలు అక్కడ చెల్లవు. ఏ పుస్తకం వింటూ పని ఎక్కువ చెడిందో అదే ఆ ఏటి పుస్తకం. నోరు మొహమాటానికి ఏదైనా అంటుంది గానీ చెయ్యి అలా అనలేదని కాజాలక్క వాదన. ఒక ఏడు, లిఫ్టులో శవం దొరికే పుస్తకం వింటూ పాంటు అంచును తను కట్టుకున్న బట్టకే కలిపి కుట్టేసి, టీ వచ్చిందని లేవబోయి పాంటుతో సహా లేచింది. మాస్టరు తిట్టడానికి వచ్చి, గుమ్మం పట్టుకుని నవ్వి, ఆ తరవాత తిట్టాడు. గడియారాల కొట్టు హత్య చదివిన ఏడు ఒక చొక్కాకు బొత్తాలన్నీ లోపలి వైపు కుట్టింది. ఈ ఏడు పెద్ద పోటీ లేదు. దీపస్తంభం పుస్తకానికి ఒక వంకర కాజా, ఒక సూదిపోటు. మూగ పనిమనిషి సాక్ష్యం చెప్పే పుస్తకానికి జేబు మూసేసి కుట్టిన కోటు. కోటే గెలిచేలా ఉంది.

ఇవాళ ఏడాది చివరి పనిరోజు. ఇప్పుడు చదువుతున్న పుస్తకంలో ఇంకో రెండు ప్రకరణాలు మిగిలాయి. సాయంత్రం కాజాలక్క ఆసుపత్రిలో చేరాలి.

"పరీక్షలట వదినా," అని చెప్పింది పంతులమ్మకు. "ఉంచుకుని చూస్తారట."

డాక్టరు చెప్పింది వేరు. గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు, తెరిచి సరిచెయ్యాలి, చాలా ఆలస్యం చేశారు అన్నాడు. ఆమె తిన్నగా అడిగింది, బతుకుతానా అని. ఆయన బల్ల మీద కాగితాలు సర్ది, చెప్పలేం అన్నాడు. పుస్తకాల్లో డాక్టర్లు చెప్పలేం అన్నప్పుడల్లా వాళ్ళకు తెలిసే ఉంటుందని కాజాలక్కకు అనుభవం. తమ్ముడికి సగం చెప్పింది. మరదలికి ఆ సగంలో సగం.

పొద్దున మరదలు సంచి సర్దింది. తువ్వాలు, గ్లాసు, రెండు జతల బట్టలు, దువ్వెన. "ఇంకేమైనా పెట్టమంటావా వదినా?" అని అడిగింది. ఇంకేముంది పెట్టడానికి అనుకుంది కాజాలక్క. ఉన్నది ఒక్కటే కోరిక. పుస్తకంలో ఆ ముసలి జడ్జిగారిని చంపింది ఎవరో సాయంత్రంలోగా తెలియాలి. తమ్ముడింట్లో ఎవరూ చదవరు, ఆసుపత్రిలో ఎవరు చదివి పెడతారు?

"'వంటమనిషి దీపం కిందికి దించింది,'" పంతులమ్మ చదవసాగింది. ఆమె చదివేటప్పుడు గొంతు మారేది, బొంగురుగా, నెమ్మదిగా. "'మెట్ల మీద బురద ఇంకా తడిగానే ఉంది. వచ్చినవాడు వెనక తోటలోంచి వచ్చాడు. తోట తాళంచెవి ఇంట్లో ముగ్గురి దగ్గరే ఉంటుంది. డాక్టరు, సంగీతం మాస్టారు, జడ్జిగారి చెల్లెలు.'"

"చెల్లెలు కాదు," అంది కాజాలక్క, తల ఎత్తకుండా.

"ఎందుకు కాదు?"

"ఆవిడ మెట్లెక్కితే ఆయాసపడుతుందని మొదట్లోనే చెప్పాడుగా. చంపడానికి మేడెక్కి, అక్కడ కూర్చుని ఆయాసం తీర్చుకుని చంపుతుందా?"

ముందు గదిలో మిషను ఆగింది. కథ ముదిరినప్పుడల్లా మాస్టరు మిషనుకు నూనె వెయ్యాల్సి వస్తుంది. ఆ మిషను తాగినంత నూనె ఏ మిషనూ తాగి ఉండదు.

"సంగీతం మాస్టారే," అంది పంతులమ్మ. "మరీ మంచివాడు. అంత మంచివాడు పుస్తకంలో ఊరికే ఉండడు."

"డాక్టరు!" అని ముందు గదిలోంచి కేక. వెంటనే, "పని చూడండమ్మా, పని! మాటలు కాదు!" అని ఇంకో కేక.

ఇద్దరూ నోటికి బట్ట అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వుతుండగా కాజాలక్క ఎడమ రెక్క కింద ఎవరో గుప్పిట బిగించినట్టయింది. ఆమె నవ్వును దగ్గులా మార్చి, దారం తెంపే వంకతో తల వంచుకుంది. గుప్పిట కొంచెం కొంచెంగా వదిలింది. చొక్కా మీద పడబోయిన చెమట చుక్కను మోచేత్తో తుడుచుకుంది.

ఆ ప్రకరణం అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆఖరిది మిగిలింది.

"తిని మొదలెడదాం," అంది పంతులమ్మ.

అన్నాలు తింటున్నప్పుడు వాళ్ళు పెద్దగా మాట్లాడుకోరు. కాజాలక్క గిన్నెలో అన్నం కలిపి, సగం తిని మూత పెట్టింది. కిటికీ అవతల సందులో ఎవరో మనిషి గోడకు నిచ్చెన వేసి రంగు వేస్తున్నాడు. ఆమె అతని చేతి వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె భర్త కూడా గోడలకు రంగులు వేసేవాడు. గోళ్ళలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఒక పొద్దున చొక్కా బొత్తాం ఊడిందంటే, విప్పేదాకా కూడా ఆగకుండా, ఒంటి మీద ఉండగానే కుట్టి, దారాన్ని పంటితో కొరికింది. కొరికినప్పుడు ఆమె ముక్కుకు అతని మెడ దగ్గర సున్నం వాసన వేసింది. అతను వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

పనికి వెళ్ళిన చోట ఆ రోజు రాలేదన్నారు. స్టేషనులో ఒకాయన పేరు రాసుకుని, వస్తాడులేమ్మా అన్నాడు. అత్తగారు ఎవతో ఉందంది. ఆడపడుచు ఏట్లో పడి ఉంటాడంది. తమ్ముడు, అప్పటికింకా పిల్లవాడు, కొన్నాళ్ళు బస్సులు ఆగే చోట నిలబడి దిగేవాళ్ళను చూసేవాడు. ఆ తరవాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మెట్ల మీద బురద ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఎవరి దగ్గర ఏ తాళంచెవి ఉందో ఎవరూ అడగలేదు.

"వీటిలో నాకేం నచ్చుతుందో తెలుసా వదినా?" అని ఒకసారి అంది పంతులమ్మతో. "ఒక మనిషి పోతే, అదేమిటని వెతకడానికి ఇంకో మనిషి బయల్దేరతాడు. ఎండనకా వాననకా తిరుగుతాడు. పోయినవాడు వాడికి చుట్టం కూడా కాదు."

పంతులమ్మ మర్నాడు కొత్త పుస్తకం తెచ్చింది.

చేతులు కడుక్కుని పుస్తకం తీస్తుండగా మాస్టరే లోపలికి వచ్చాడు. చేతిలో తెల్లచొక్కా, మొహంలో కంగారు.

"చదువు ఆపండి. ఇది అర్జెంటు. ఆయన గంటలో వస్తాడు, ఊరెళ్ళాలట. అక్కా, నువ్వు కాజాలు కానియ్. పంతులమ్మా, చేతుల అంచులు నువ్వు చూడు."

ఒకే చొక్కాకు ఇద్దరూ చెరోవైపు కూర్చున్నారు. గది నిశ్శబ్దంగా ఉంది. పంకా తిరుగుతోంది. కాజాలక్క దారానికి మైనం పట్టించి, పట్టీని మడిచి, గాటు పెట్టింది. కుట్టింది. రెండోది పెట్టింది. కళ్ళ ముందు తెలుపు కాస్త అలికినట్టయింది. ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కుట్టింది. మూడోది సగంలో ఉండగా పంతులమ్మ చెయ్యి వచ్చి ఆమె మణికట్టు మీద పడింది.

"వదినా."

కాజాలక్క చూసింది. కాజాలు కుడి పట్టీ మీద ఉన్నాయి. సుద్ద గీతలు ఎడమ పట్టీ మీద, ముట్టుకోకుండా, అలాగే ఉన్నాయి.

బొత్తాం తప్పయితే విప్పి కుట్టుకోవచ్చు. కాజా తప్పయితే బట్ట తెగినట్టే. ఆ చొక్కా ఇక మగవాళ్ళ చొక్కా కాదు, ఆడవాళ్ళదీ కాదు.

మాస్టరు వచ్చి చూశాడు. "ఇన్నేళ్ళొచ్చాయి! కుడి ఎడమ తెలీదా? ఆయనకి నేనేం చెప్పాలి? నా మొహం చూపించనా?" అని అరిచాడు. చొక్కా లాక్కుని, గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి చూసి, కాజాలక్క మొహం మీద ఏం కనిపించిందో, గొంతు తగ్గించాడు. "సరేలే. కొత్త పట్టీ వేస్తా. నువ్వింక కుట్టకు, కాస్త నడుం వాల్చు. సాయంత్రం ఎలాగూ వెళ్ళాలిగా." తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు.

"కథ గురించే ఆలోచిస్తున్నా," అంది కాజాలక్క, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఆ బురద. చూడు, కోటు ఓడిపోయింది. తెల్లచొక్కా గెలిచింది. ఈ ఏటి పుస్తకం ఇదే."

పంతులమ్మ నవ్వలేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. జోడు లేకపోతే ఆమె మొహం చిన్నపిల్ల మొహంలా బోసిగా ఉండేది.

"నేను చదువుతున్నప్పుడు నువ్వు కొయ్యలేదు వదినా," అంది. "నేను చదవడం ఆపాక కోశావ్."

కాజాలక్క చాప మీది దారపు పోగులు ఏరసాగింది.

"చదివేటప్పుడు చొక్కా చెడితే అది కథ. ఊరికే ఉన్నప్పుడు చెడితే అది ఒంట్లో. పొద్దున దగ్గావే, అది దగ్గు కాదు. అన్నం సగం వదిలావ్. మీ తమ్ముడు రోజూ సందు చివర దింపి పోయేవాడు, ఇవాళ గుమ్మం దాకా వచ్చి మాస్టరుతో గుసగుసలాడాడు. పరీక్షలకైతే గుసగుసలెందుకు?" ఆమె జోడు కాడలు మడిచింది. "ఏమన్నాడు డాక్టరు?"

"చెప్పలేం అన్నాడు."

"అంతేనా?"

"అంతే. చెప్పలేం అన్నాడు."

సందులో నిచ్చెన జరిపిన చప్పుడు వినిపించింది.

"ఇంకేం, కుట్టే పని కూడా లేదు," అంది కాజాలక్క చివరికి. "చేతులు ఖాళీ. మొదటిసారి ఊరికే కూర్చుని వింటా. చదువు."

పంతులమ్మ పుస్తకం చేతిలోకి తీసుకుంది. తీసుకుని, విప్పిన దారంతో మళ్ళీ కట్టడం మొదలుపెట్టింది.

"అదేంటి?"

"వచ్చాక చదువుకుందాం."

"వదినా!"

"వచ్చాక. ఎక్కడికీ పోదు. బీరువా మీదే ఉంటుంది. నువ్వు వస్తావ్, కూర్చుంటావ్, చదువుతా. ఇప్పుడు చదివేస్తే ఇంక..." ఆమె ముడి మీద ముడి వేసింది. "ఇంక నీకు రావడానికేం పని?"

కాజాలక్కకు కోపం వచ్చింది. ఈ గదిలో పంతులమ్మ మీద ఆమెకు కోపం రావడం అరుదు. "నాకు తెలియాలి వదినా. నీకర్థం కాదా? అక్కడ పడుకుని ఎవరా ఎవరా అనుకుంటూ ఉండాలా? ఇప్పటికే ఒకటి ఉంది నాకు, ఎవరో ఏమిటో తెలియనిది. ఇది కూడానా?"

"అందుకే వస్తావ్," అంది పంతులమ్మ మొండిగా. "తెలుసుకోవడానికైనా వస్తావ్. అన్నీ తెలిసిన మనిషి పోతుంది. నేను చదవను."

"నీ అంత రాక్షసిని నేను చూళ్ళేదు."

"రాక్షసినే. తిట్టు. వచ్చాక ఇంకా తిట్టు."

ఆమె లేచి పుస్తకాన్ని బీరువా మీదికి, ముందుకంటే లోపలికి, చెయ్యి అందనంత దూరం తోసింది. బుట్టలోంచి పాంటు ఒకటి లాక్కుని, జోడు పెట్టుకోకుండానే అంచు మడవసాగింది. మడత తిన్నగా రావడం లేదు. మడిచి, విప్పి, మడిచింది. కాజాలక్క ఆమె వైపు వీపు పెట్టి, దారపు ఉండ ఒళ్ళో వేసుకుని, వెలుతురు కోసం కిటికీ దగ్గరికి జరిగింది. టీ వచ్చింది. ఇద్దరి గ్లాసులూ చల్లారిపోయాయి.

పొద్దు వాలుతుండగా కాజాలక్క, కిటికీ వైపే చూస్తూ, "మరి ఈ ఏటి పుస్తకం?" అంది.

"చివర తెలీకుండా ఎలా చెప్తాం? చివర చెడగొడితే?"

"చొక్కా చెడిందిగా."

"అది పుస్తకం వల్ల కాదని ఇద్దరికీ తెలుసు."

"పుస్తకం వల్లే అనుకో వదినా," అంది కాజాలక్క. "ఏం పోతుంది?"

పంతులమ్మ పాంటు ఒళ్ళో వదిలేసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. కొంతసేపటికి చేతుల వెనక నుంచే, "సరే. ఇదే. ఈ ఏటి పుస్తకం ఇదే," అంది.

సందు చివర ఆటో హారన్ మోగింది. తమ్ముడు వచ్చి సంచి తీసుకున్నాడు. మాస్టరు మిషను దగ్గర్నుంచి లేచి, మెడలోని కొలతల టేపు తీసి చేతిలో పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు. అరిచినందుకు ఏదో అనబోయి, "జాగ్రత్త అక్కా. నువ్వొచ్చేదాకా కాజాలు బయట వేయించను," అన్నాడు. కాజాలక్క తల ఊపింది. చెప్పులు వేసుకోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. తమ్ముడు చెయ్యందిస్తే వద్దంది, మళ్ళీ తీసుకుంది.

ఆటోలో సర్దుకుని కూర్చున్నాక పంతులమ్మ పరుగెత్తుకు వచ్చింది. ఆ వయసులో ఆమె పరుగెత్తడం ఆ సందులో ఎవరూ చూడలేదు. జుట్టు మీద బీరువా దుమ్ము. చేతిలో పుస్తకం, దారం తెంపేసి ఉంది.

"ఇదిగో, చెప్పేస్తా. చదవడానికి టైము లేదు, ఆఖరి పేజీ చూసి పేరొక్కటే చెప్పేస్తా. నీకు తెలియాలన్నావుగా, ఉండు, ఒక్క నిమిషం ఆపవయ్యా బండి." ఆమె బొటనవేలు పేజీల అంచు మీద తడుముకుంటోంది. పేజీలు విడివడటం లేదు. ఒకసారి కూడా చివరి పేజీ ముందుగా తెరవని చెయ్యి అది.

కాజాలక్క ఆ బొటనవేలి వైపు చూసింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే చాలు, తెలిసిపోతుంది. డాక్టరో, సంగీతం మాస్టారో. ఆ పేరు గుండె మీద పెట్టుకుని హాయిగా పడుకోవచ్చు. ఆమె తల ఎత్తి పంతులమ్మ మొహం చూసింది. ఆ మొహం పేరు చెప్పాక ఎలా అయిపోతుందో కూడా ఆమెకు కనిపించింది. దుకాణం మళ్ళీ తెరిచాక ఆ గదిలో, చాప మీద, ఎదురుగా ఎవరూ లేకుండా.

చెయ్యి చాచి, పుస్తకాన్ని, దానితో పాటు ఆ వేళ్ళను, మూసింది.

"వద్దులే. నువ్వన్నట్టే. వచ్చాక."

"నిజంగానా?"

"నిజంగానే. నువ్వు చూశావంటే మాత్రం ఊరుకోను. నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది." కొంచెం ఆగి అంది, "డాక్టరు మాత్రం కాదు వదినా. డాక్టరు కాళ్ళు తుడుచుకుని వచ్చే రకం."

"నేను మొదట్నుంచీ సంగీతం మాస్టారే అంటున్నాగా!"

"చూద్దాం."

ఆటో కదిలింది. పంతులమ్మ సందు మలుపు దాకా పక్కనే నడిచింది. మలుపు దగ్గర ఆటో వేగం అందుకుంది.

కొత్త ఏడాదిలో దుకాణం తెరిచిన రోజు మాస్టరు షట్టరు సగమే ఎత్తాడు. వంగి లోపలికి వచ్చిన పంతులమ్మను కూర్చోమని, తను నిలబడే చెప్పాడు. ఆపరేషను దాకా రాలేదట. తెల్లవారాక మరదలు టీ తేవడానికి కిందికి వెళ్ళిందట. వచ్చేసరికి దిండు మీద తల పక్కకు తిప్పి ఉందట, నిద్రపోతోందనుకుని గ్లాసు మీద మూత పెట్టిందట. టీ చల్లారిపోతోందని లేపబోతే తెలిసిందట.

పంతులమ్మ విని, లోపలి గదిలోకి వెళ్ళి, తన చాప మీద కూర్చుంది. మాస్టరు బుట్ట లోపలికి తొయ్యలేదు. కాసేపటికి ఆమే చెయ్యి చాచి లాక్కుంది.

సూది కోసం వెతుకుతుంటే అప్పుడు కనిపించాయి. కిటికీ చెక్కకు, కింది అంచు వెంట, సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. అన్నిటికీ దారం ఎక్కించి ఉంది. మైనం పట్టించి, చివర ముడి వేసి, ఒక్కో దారం ఒకే పొడుగున తెంచి. ఆ సాయంత్రం వీపు తిప్పుకుని కూర్చుని చేసిన పని అది. పంతులమ్మకు జోడు ఉన్నా సూదిబెజ్జం కనపడదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె సూదికి దారం ఎక్కించేది కాజాలక్కే.

పంతులమ్మ ఒకటి తీసుకుంది. దారం అయిపోతే ఇంకొకటి తీసుకుంది. రోజులు అలా గడిచాయి. ఎదుటి చాపను మాస్టరు తీయించలేదు, కొత్త మనిషినీ పెట్టలేదు. కాజాలు బయట వేయిస్తున్నాడు. ఒక మధ్యాహ్నం ఆయన మిషను ఆపి, గుమ్మంలోకి వచ్చి, "పంతులమ్మా, ఆ ఆఖరి ప్రకరణం చదవరాదూ, నేనూ వింటా. డాక్టరా కాదా అని నాకూ ఉంది," అన్నాడు.

"మా వదిన రాలేదుగా," అంది పంతులమ్మ, తల ఎత్తకుండా.

ఆయన తిరిగి వెళ్ళి మిషను తొక్కుకున్నాడు. అద్దె పుస్తకాల కొట్టుకు ఆయనే వెళ్ళి, ఆ పుస్తకం పోయిందని చెప్పి వచ్చాడు.

వేసవి వచ్చేసరికి కిటికీ చెక్క దాదాపు ఖాళీ అయింది. ఇప్పుడు పంతులమ్మ దారం ఎక్కించుకోవడానికి వీధిలో పోయేవాళ్ళను పిలుస్తుంది. ఒక్కోసారి మాస్టరు జోడు పైకి తోసుకుని, నాలుక చివర కొరుక్కుంటూ తంటాలు పడతాడు. కిటికీ చెక్కకు, కుడి మూల దగ్గర, ఆఖరి సూది ఇంకా గుచ్చే ఉంది. ముడి వేసిన తెల్లదారం పంకా తిరిగినప్పుడు కాస్త లేచి, మళ్ళీ గోడకు ఆనుకుంటుంది.